పయనీర్ ఎస్ఎక్స్-780: అటక మీద నుంచి బల్ల మీదికి

నవంబరు 3

మా పెదనాన్నగారు డెట్రాయిట్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 1979లో కొన్న పయనీర్ ఎస్ఎక్స్-780 స్టీరియో రిసీవరు ఈ ఉదయం గుంటూరు నుంచి హైదరాబాదులోని మా ఇంటికి చేరింది. ఇరవై ఏళ్లకు పైగా అటక మీద, పాత దుప్పటి ముసుగులో ఉంది. పెద్దమ్మ ఫోనులో చెప్పిన చరిత్ర ఇది: మొదట కుడి స్పీకరు మోగడం మానేసింది; ఒకరికి చూపిస్తే రెండు రోజులు మోగి, మూడో రోజు కాలిన వాసన వచ్చి మొత్తం ఆగిపోయింది; పెదనాన్నగారు మళ్లీ ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు. "పారెయ్యడానికి చేతులు రాలేదు నాన్నా, నువ్వు చూస్తానంటే పంపిస్తున్నాను," అన్నది పెద్దమ్మ.

స్టేషన్లను పట్టే రేడియో ట్యూనరు, శబ్దాన్ని సరిదిద్దే ప్రీ ఆంప్లిఫయరు, స్పీకర్లను నడిపే పవర్ ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో ఇమిడి ఉన్న యంత్రాన్ని రిసీవరు అంటారు. 1978లో వచ్చిన ఈ వరుసలో ఎస్ఎక్స్-780ది మధ్యతరగతి స్థానం: చానలుకు, అంటే ఎడమ, కుడి వైపుల్లో ఒక్కొక్కదానికి, 45 వాట్లు. అదే వరుసలో అన్నిటికన్నా పెద్దదైన ఎస్ఎక్స్-1980కి చానలుకు 270 వాట్లు. ఆ కాలపు వాట్ల లెక్కను నేను నమ్ముతాను, ఎందుకంటే 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నిబంధన ప్రకారం, పేర్కొన్న శక్తిలో మూడో వంతు మీద గంటసేపు నడిపి వేడెక్కించిన తరువాత, రెండు చానళ్లనూ ఒకేసారి మోగిస్తూ కొలిచిన అంకెనే తయారీదారులు అప్పట్లో ప్రకటించవలసి ఉండేది. ఈనాడు చిన్న పెట్టెల మీద వేల వాట్లు అచ్చువేస్తున్న పద్ధతికి అది పూర్తిగా భిన్నమైనది.

ఇంట్లో అందరూ ఒకసారి ప్లగ్గు పెట్టి చూడమన్నారు. నేను పెట్టలేదు. ఇది 120 వోల్టుల, 60 హెర్ట్జ్‌ల అమెరికా నమూనా కావడం ఒక కారణమైతే, విద్యుత్తును కాసేపు నిలవ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే వాటి లోపలి ఆక్సైడు పొర పలచబడి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే అవి వేడెక్కి పాడవుతాయన్నది మరో కారణం. కాలిన వాసన వచ్చిన సెట్టుకు మళ్లీ ప్లగ్గు పెట్టడమంటే, మిగిలిన భాగాలను కూడా పందెం కాయడమే.

నవంబరు 5

చెక్క పెట్టె మరలు విప్పి లోపల చూశాను. ఈ పని మీద రెండు గంటలు గడిపాను; మరమ్మతులో అన్నిటికన్నా చవకగా సమాచారం దొరికేది ఇక్కడే. బ్లోయరుతో దుమ్ము ఊది, పెయింటింగ్ కుంచెతో బోర్డులు తుడిచి, టార్చి లైటు అడ్డంగా వేసి ఒక్కొక్క మూలా ఫొటో తీసుకున్నాను.

మొదట కంటబడింది ఫ్యూజు. గాజు గొట్టం లోపలి తీగ ఎప్పుడో తెగిపోయింది. గొట్టం బయట రెండు మూతలనూ కలుపుతూ రాగి తీగ పోగులు మూడు చుట్లు చుట్టి, పైన సోల్డరు కూడా పెట్టారు. ఆ రాగి నల్లగా మాడి ఉన్నది కానీ తెగలేదు. ఎవరు చేశారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఫ్యూజు ఎందుకు పోయిందో వెతకకుండా ఫ్యూజునే ఓడించారు, దాని బదులు లోపలి భాగం కాలిపోయింది. చదివే వారిలో ఒక్కరైనా ఈ అలవాటు మానితే ఈ డైరీ రాసిన ఫలితం దక్కినట్టే.

రెండోది కుడి స్పీకరు తీగ బిగించే వెనుక టెర్మినలు. దాని సందులో వెంట్రుక లాంటి ఒక్క రాగి పోగు ఎరుపు, నలుపు బిందువుల మధ్య అడ్డంగా ఇరుక్కుని ఉంది. మొదటి జబ్బు బహుశా ఇదే: షార్ట్ అయిన స్పీకరు లైను.

మూడోది జిగురు. కెపాసిటర్లు కదలకుండా అప్పట్లో ఫ్యాక్టరీలో పోసిన లేత పసుపు జిగురు ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరిగి, గట్టిపడి, తేమను పీల్చి, కాస్త కాస్తగా కరెంటును ప్రసరింపజేస్తుంది. తనకు తగిలిన తీగ కాళ్లను తినేస్తుంది. విద్యుత్ సరఫరా బోర్డు మీద రెండు చోట్ల అది నల్లబడి ఉంది. వెదురు పుల్లతో గీకి తీస్తే దాని కింద ఒక డయోడు కాలు పచ్చగా చిలుము పట్టి, పట్టకారు తగలగానే విరిగింది.

తరువాత మల్టీమీటరు. ఈ మోడలులో స్పీకర్లను నడిపే అవుట్‌పుట్ దశకు విడి ట్రాన్సిస్టర్లు ఉండవు. చానలుకు ఒకటి చొప్పున సాన్యో తయారుచేసిన ఎస్‌టీకే-0050 హైబ్రిడ్ ప్యాకులు (అనేక భాగాలను ఒకే మూత కింద అమర్చినవి) రెండు హీట్‌సింకుకు బిగించి ఉంటాయి. ఎడమ ప్యాకు సరఫరా కాలికీ అవుట్‌పుట్ కాలికీ మధ్య మీటరు షార్ట్ చూపించలేదు. కుడి ప్యాకులో అదే చోట 0.4 ఓములు, అంటే షార్ట్. అది చచ్చిపోయింది.

నవంబరు 10

కుడి ప్యాకు ఊడదీశాను. మిగతా సెట్టు బతికి ఉందో లేదో తెలియకుండా కొత్త ప్యాకుకు డబ్బు పెట్టకూడదన్నది నా పద్ధతి.

230 వోల్టుల లైనులో 60 వాట్ల పాత పోగు బల్బును సీరీస్‌లో పెట్టి, దాని వెనుక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు, దాని వెనుక సెట్టు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి వోల్టేజీని తనే మింగేస్తుంది. లేకపోతే ఒక్క క్షణం మెరిసి మసకబారుతుంది. మన రేడియో మెకానిక్కుల బల్లల మీద సీరీస్ బోర్డు తరతరాలుగా ఉన్నదే. రాగి చుట్టిన ఫ్యూజు తీసేసి, బోర్డు మీద అచ్చువేసిన విలువ గల కొత్త ఫ్యూజు వేశాను. స్విచ్చి నొక్కగానే బల్బు మెరిసి, అర నిమిషంలో ఎర్రటి పోగు మాత్రమే కనిపించేంతగా తగ్గింది. అరగంట అలాగే ఉంచాను, కెపాసిటర్లు నెమ్మదిగా కోలుకోవాలని.

ప్లస్, మైనస్ సరఫరాలు దాదాపు సమానంగా ఉన్నాయి. ఎడమ చానలు అవుట్‌పుట్ దగ్గర, స్పీకర్లను కలిపే విద్యుత్ స్విచ్చి అయిన రిలేకు ముందు, డీసీ (సున్నాకు దగ్గరగా ఉండవలసిన నిలకడ వోల్టేజీ) 18 మిల్లీవోల్టులు. 50 లోపు ఉంటే నాకు దిగులు లేదు. కుడి ప్యాకు లేదు కాబట్టి రక్షణ సర్క్యూటు రిలేను మూయనివ్వదు, స్పీకర్లలో ఏమీ వినిపించదు. అందుకని టేప్ రికార్డింగ్ అవుట్ నుంచి వైరు తీసి కంప్యూటరుకు కట్టిన చిన్న స్పీకర్లకు ఇచ్చాను. ట్యూనరు నుంచి వచ్చే శబ్దం పవర్ ఆంప్లిఫయరు దాకా వెళ్లకుండానే అక్కడ బయటికి వస్తుంది. ముల్లు తిప్పుతుంటే 102.8 దగ్గర వివిధ భారతి పలికింది. సిగ్నల్ మీటరు ముల్లు లేచి నిలబడింది. డయల్ దీపాలలో రెండు పోయాయి కానీ ట్యూనరు బతికే ఉంది.

సెట్టు మరమ్మతుకు తగినదని ఈ రోజు నిర్ణయించాను. ట్రాన్స్‌ఫార్మరు కాలి ఉంటే, లేదా ట్యూనింగ్ కెపాసిటరు పళ్లెం వంగి ఉంటే, నిర్ణయం వేరుగా ఉండేది.

నవంబరు 17 నుంచి 24 వరకు

పాత సెట్టు చేతికి రాగానే కెపాసిటర్లన్నీ మార్చెయ్యాలనే సలహా అందరూ ఇస్తారు. నేను ఒప్పుకోను. ప్రతి మార్పుకూ బోర్డు మీద రాగి పట్టీ రెండుసార్లు వేడెక్కుతుంది. నలభై ఐదేళ్ల నాటి పట్టీ జిగురు వదిలి లేచిపోవడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కరలేదు. పైగా అన్నీ ఒకేసారి మార్చి, ఆ తరువాత సెట్టు పలకకపోతే, తప్పు పాత భాగానిదా, మన చేతిదా అన్నది తేల్చుకునే దారి మూసుకుపోతుంది. కొలిచి, కారణం కనబడినదాన్ని మార్చి, వెంటనే మళ్లీ పరీక్షించి, నోటు పుస్తకంలో రాసుకుని ముందుకు వెళ్లాలి.

వారం రోజులు సాయంత్రం పూట, కెపాసిటరు అంతర్గత నిరోధాన్ని కొలిచే ఈఎస్‌ఆర్ మీటరుతో 58 ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కొలిచాను. పెద్ద ఫిల్టరు కెపాసిటర్లు రెండూ ముద్రించిన విలువలో 90 శాతానికి పైనే నిలిచాయి, అంతర్గత నిరోధం కూడా తక్కువగానే ఉంది, వాటిని ముట్టుకోలేదు. చెడిపోయినవి 13. వాటిలో ఎక్కువ భాగం రెగ్యులేటరు బోర్డు మీద, వేడి రెసిస్టర్లను ఆనుకుని ఉన్నవి. మిగిలినవి శబ్దం దారిలోని 1 నుంచి 10 మైక్రోఫారడ్‌ల చిన్నవి. వేడి చోట్ల 105 డిగ్రీల రకం వేశాను. 1 మైక్రోఫారడ్ చోట్ల ఫిల్ము కెపాసిటర్లు పెట్టాను, అవి మళ్లీ ఎండిపోయేవి కావు.

స్విచ్చులు, నాబులు తిప్పితే గరగర, ఎడమ వైపు వచ్చిపోవడం ఉన్నాయి. అరలు అరలుగా ఉన్న స్విచ్చుల సందుల్లోకి సన్నని గొట్టంతో కాంటాక్ట్ క్లీనరు రెండు చుక్కలు వేసి, ఒక్కొక్కటీ నలభై యాభై సార్లు తిప్పాను. టేపు రికార్డరు శబ్దాన్ని ఎంచుకునే టేప్ మానిటరు స్విచ్చి ఒక్కటే వచ్చిపోయే శబ్దంలో సగానికి కారణమని తేలింది. చాలా మంది దీన్ని పవర్ ఆంప్లిఫయరు జబ్బుగా భావించి లేని రోగానికి మందు వేస్తారు. ఇక్కడ కిరోసిను, మర నూనె లాంటివి వాడకూడదు; నూనె పొర దుమ్మును పట్టుకుని ఏడాదికే స్విచ్చిని మళ్లీ బిగిస్తుంది.

ఒక మాట ఇక్కడే రాసి పెట్టాలి. ఆ కాలపు పయనీర్ సెట్లలో 2ఎస్ఏ726 ట్రాన్సిస్టరు చిటపట శబ్దానికి పేరుపడింది. దాని చోట కేఎస్ఏ992 వేస్తారు. జపాను ట్రాన్సిస్టర్లలో కాళ్ల వరుస సాధారణంగా ఎమిటరు, కలెక్టరు, బేసు. అమెరికా 2ఎన్ వరుసలో చాలా వాటికి ఎమిటరు, బేసు, కలెక్టరు. ఆకారం చూసి గుచ్చేస్తే ఖాయంగా తప్పుతుంది. నేను అనుమానం వచ్చిన ప్రతిదాని మీదా శీతల స్ప్రే కొట్టి, శబ్దం మారుతుందేమో విన్నాను. ఈ సెట్టులో ఏదీ దోషిగా తేలలేదు కాబట్టి ఏదీ మార్చలేదు.

డిసెంబరు 8

ఎస్‌టీకే-0050 కోసం కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. దుకాణాల వాళ్లు నిజాయితీగానే చెప్పారు: అసలైన సాన్యో సరుకు ఏనాడో ఆగిపోయింది, ఆ కంపెనీ సెమీకండక్టరు వ్యాపారమే 2011లో ఆన్ సెమీకండక్టరు చేతికి వెళ్లింది. చివరికి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర కొత్తది అని రాసి ఉన్నదాన్ని తెప్పించాను. ముద్ర తెల్లగా, నీటుగా, కొంచెం ఎక్కువ నీటుగానే ఉంది. ఆ అనుమానానికి నేను చెవి ఒగ్గవలసింది.

బిగించే ముందు కుడి చానలు డ్రైవరు దశ, అంటే ప్యాకుకు సిగ్నల్ అందించే భాగం, తనిఖీ చేశాను. అవుట్‌పుట్ భాగం షార్ట్ అయితే దాని వెనుక ఉన్న చిన్న భాగాలు కూడా దెబ్బతింటాయి. వాటిని చూడకుండా కొత్త ప్యాకు వేస్తే అది క్షణంలో పోతుంది. ఫ్యూజులా కూడా పనిచేసే ఒక ఫ్యూజిబుల్ రెసిస్టరు తన రంగులు చెప్పే విలువకు మూడు రెట్లు చూపించింది. ఒక చిన్న ట్రాన్సిస్టరు బేసు-ఎమిటరు మధ్య తెగిపోయింది. రెండూ మార్చాను. హీట్‌సింకు మీద పాత పేస్టు సున్నంలా పొడి అయి రాలింది. స్పిరిటుతో తుడిచి కొత్తది పలచగా రాశాను. ఈ ప్యాకుల అడుగు పలకకే ఇన్సులేషను ఉంటుంది కాబట్టి మైకా రేకు అవసరం లేదు.

సీరీస్ బోర్డులో ఈ సారి 200 వాట్ల బల్బులు రెండు పక్కపక్కన కట్టాను, కొంత శక్తి లాగినా వోల్టేజీ పడిపోకుండా. కుడి చానలులో డీసీ 30 మిల్లీవోల్టులు. ఆరు సెకన్లు లెక్కపెట్టాక రిలే టక్కుమంది, ఇన్నేళ్ల తరువాత మొదటిసారి. స్పీకరు బదులు 8 ఓముల పెద్ద రెసిస్టరు కట్టి, 1 కిలోహెర్ట్జ్ స్వరం ఇచ్చి, ఆసిలోస్కోపు చూస్తూ వాల్యూము మెల్లగా పెంచాను. 4 వోల్టులు, 8 వోల్టులు, అల నున్నగా ఉంది. 12 వోల్టుల దగ్గర, అంటే 18 వాట్లకే, అల ఒక్కసారి పైకి అతుక్కుపోయింది, బల్బులు రెండూ గదంతా వెలుగు నింపాయి, ఫ్యూజు పోయింది. అంతా ఒక్క క్షణం.

ఫ్యూజు పోయినందుకు సంతోషించాను. డ్రైవరు దశను మళ్లీ కొలిస్తే ఏమీ దెబ్బతినలేదు.

డిసెంబరు 9

చనిపోయిన రెండు ప్యాకుల మూతలూ చాకు మొనతో ఊడదీసి పక్కపక్కన పెట్టాను. పెదనాన్నగారి సెట్టులోని అసలు ప్యాకులో దళసరి అల్యూమినియం పలక మీద రాగి దారులు, వాటి మీద ఒక్కొక్కటీ పెసరగింజంత సిలికాన్ ముక్కలు. ఒక ముక్క మధ్యలో మాడి గుంట పడింది. కొత్తదని కొన్నదాంట్లో అవే చోట్ల ఉన్న ముక్కలు ఆవగింజ కన్నా కాస్త పెద్దవి. వేడి బయటికి వెళ్లే దారి ఆ ముక్క వైశాల్యమే. 45 వాట్లు ఇచ్చే పనిని అంత చిన్న ముక్క మీద పెడితే అది తట్టుకోదు. రెంటినీ దగ్గరగా ఫొటో తీసి నోటు పుస్తకంలో అంటించాను.

ఫిబ్రవరి 16

న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలు, ట్యూనరు పాడైన మరో పాత రిసీవరు నుంచి ఊడదీసిన ఎస్‌టీకే-0050 జతను అక్కడి ఒక అభిరుచిదారు దగ్గర కొని, సంక్రాంతికి ఊరికి వచ్చిన బంధువుల చేత పంపింది. "అన్నయ్యా, సూట్‌కేసులో ఆవకాయ సీసాలకు చోటు ఉంచి వీటిని తెమ్మన్నాను," అని రాసింది. కాళ్ల మీద పాత సోల్డరు, అడుగున ఎండిన పేస్టు మరకలు ఉన్నాయి. వాడిన సరుకు అనడానికి అవే నాకు నమ్మకమైన గుర్తులు.

ఒకటి కుడి చానలుకు వేశాను, ఒకటి దాచాను. ఎడమ వైపు అసలు ప్యాకు బాగానే ఉంది కాబట్టి దాన్ని తీయలేదు, దాని కింద పేస్టు మాత్రం కొత్తగా రాశాను. డీసీ కుడి 22, ఎడమ 19 మిల్లీవోల్టులు. 12 వోల్టులు దాటాను. 16 దాటాను. 18 వోల్టుల దగ్గర అల తల చదును అయింది: 8 ఓముల మీద 40.5 వాట్లు.

45 ఎందుకు రాలేదో వివరించాలి, ఎందుకంటే అది లోపం కాదు, నేను ఎంచుకున్నది. 60 హెర్ట్జ్‌ల కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మరును మన 50 హెర్ట్జ్‌ల మీద నడిపితే దాని ఇనుప గుండెలో అయస్కాంత తీవ్రత పెరుగుతుంది. వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే ఆ తీవ్రత తెలుస్తుంది. అమెరికాలో 120ని 60తో భాగిస్తే 2. బజారులో దొరికే 110 వోల్టుల స్టెప్‌డౌన్ ఇక్కడ ఇచ్చేది 110ని 50తో భాగిస్తే 2.2, మా ఇంట్లో రాత్రి పూట లైను 245కు చేరినప్పుడు అది 117 వోల్టులై 2.34 అవుతుంది. ట్రాన్స్‌ఫార్మరు బుంయ్‌మని మూలుగుతూ వేడెక్కేది అందుకే. అందుకని 230 నుంచి 100 వోల్టులకు, 500 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) సామర్థ్యంతో ప్రత్యేకంగా చుట్టించాను. లైను 240 ఉన్న ఈ సాయంత్రం సెట్టుకు 104 వోల్టులు అందుతున్నాయి, భాగహారం 2.08. శక్తి కొంత తగ్గినా ట్రాన్స్‌ఫార్మరు పదికాలాల పాటు ఉంటుంది. రెండు గంటలు పాటలు మోగించాక, గది వేడి 31 డిగ్రీలు ఉండగా, దాని పైభాగం 48 డిగ్రీల దగ్గర ఆగింది. మూలుగు చెవి ఆనిస్తే తప్ప వినపడదు.

ఫిబ్రవరి 23

రిలే కాంటాక్టులు. తక్కువ వాల్యూములో ఎడమ వైపు నలిగినట్టు పలికి, గట్టిగా పెడితే సరి అవుతుంటే అది సాధారణంగా రిలే జబ్బే. పై మూత తీసి, స్పిరిటులో ముంచిన దళసరి కాగితపు ముక్కను కాంటాక్టుల మధ్య పెట్టి లాగితే నల్లటి గీత పడింది. ఉప్పు కాగితం పెట్టకూడదు, పైపూత పోతుంది. కాగితం మీద గీత పడడం ఆగేదాకా లాగాను. జబ్బు పోయింది.

ట్యూనరు విషయం. ఐఎఫ్ (ట్యూనరు లోపలి మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) కాయిళ్ల ఫెర్రైటు మరలను ముట్టుకోలేదు; సిగ్నల్ జనరేటరు లేకుండా 10.7 మెగాహెర్ట్జ్‌ల దశను తిప్పడం చీకట్లో గడియారం విప్పడం లాంటిది, పైగా స్టేషన్లు డయల్ మీద తమ అంకెల దగ్గరే పలుకుతున్నాయి. ఒక మార్పు మాత్రం చేశాను. ప్రసారంలో పెంచి పంపిన కీచు స్వరాలను రిసీవరు తిరిగి తగ్గిస్తుంది. అమెరికాలో ఆ తగ్గింపును నిర్ణయించే కాల స్థిరాంకం 75 మైక్రోసెకన్లు, మన దేశంలో 50. తేడా వల్ల 10 కిలోహెర్ట్జ్‌ల దగ్గర 3 డెసిబెళ్లకు పైగా పోతుంది, తాళాలు, గజ్జెలు ముసుగులో నుంచి వినిపిస్తాయి. ఆ పనికి ఉన్న రెండు కెపాసిటర్లను మూడింట రెండు వంతుల విలువ గలవాటితో మార్చి, పాతవాటిని చిన్న కవరులో వేసి, పేరు రాసి సెట్టు లోపలే అంటించాను. తరువాత ఎవరైనా ఇది మొదట ఎలా ఉండేదో తెలుసుకోగలగాలి.

ఏంటెనాకు దూరదర్శన్ రోజుల నాటి చదును వైరు ఇంట్లో దొరికింది. మీటరున్నర ముక్కను టీ ఆకారంలో కట్టి గోడకు మేకు కొట్టాను, 101.9 మీద హిస్సు పూర్తిగా పోయింది. మీడియం వేవులో 738 హైదరాబాదు కేంద్రం, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు ఆర్పితే స్పష్టంగా, వెలిగిస్తే బరబరలతో వస్తున్నది.

మార్చి 9

డయల్ దీపాలు రెండూ మార్చాను. ఎల్‌ఈడీలు వేయలేదు, పోగు బల్బులే వేశాను. ఆ పసుపు వెలుగులోనే గాజు వెనుక అంకెలు కళ్లకు హాయిగా ఉంటాయి. చెక్క పెట్టెకు కొద్దిగా మైనం రుద్దాను. వెనుక భాగంలో ఉన్న ఏసీ సాకెట్ల మీద టేపు అంటించాను. వాటిలో వచ్చేది కూడా 104 వోల్టులే కాబట్టి ఎవరూ ఫోను చార్జరు తప్ప మరేదీ పెట్టకూడదు, అదీ పెట్టకపోవడం మంచిది. కరెంటు తీగ చివర, ప్లగ్గు పక్కనే, తెల్లని పట్టీ చుట్టి ఇంకు పోని కలంతో రాశాను: "100 వోల్టులు మాత్రమే. గోడకు నేరుగా పెట్టవద్దు."

ఈ సెట్టు పెద్దమ్మదే, ఉగాది తరువాత గుంటూరు తిరిగి వెళుతుంది. రాత్రి ఫోను చేసి పట్టీ మీద రాసింది చదివి వినిపించాను. "మరి మా ఇంట్లో కరెంటు హైదరాబాదంత నికరంగా ఉండదు కదా నాన్నా, రాత్రిళ్లు ఫ్యాను గిరగిరా తిరుగుతుంది," అన్నది. సరైన ప్రశ్న. నా దగ్గర ఉన్న చిన్న వోల్టుమీటరు సాకెట్టును రేపు కొరియరులో పంపుతున్నాను. వారం రోజులు ఉదయం, సాయంత్రం, రాత్రి పదింటికి అంకె చూసి కాగితం మీద రాసి ఉంచమన్నాను. అక్కడి లైను తరచుగా 250 దాటుతుంటే, సెట్టు కన్నా ముందు స్టెబిలైజరు వెళ్లాలి.